ఎనిమిది సంతలు వెనక్కి

మా తోటికోడలు కాఫీ తోటలో వాంతి చేసుకున్న రోజే నాకు నెలసరి వచ్చింది. అప్పటికి నాకు పెళ్ళయి ఆరేళ్ళు, ఆమెకి పెళ్ళయి ఎనిమిది నెలలు.

జనవరి మొదటి వారం. కాఫీ పళ్ళ చివరి కోత నడుస్తోంది. నేనూ నా భర్తా రెండు నెలలుగా కొండ మీద తోటలోనే పాక వేసుకుని ఉంటున్నాం, ఆరబోసిన గింజలకి కాపలాగా. కింద ఊళ్ళో ఇంట్లో మా అత్త, మరిది, ఈమె. మూడు రోజులకోసారి ఆమె బియ్యం, ఉప్పు, చోడిపిండి గంపలో పెట్టుకుని పైకి వచ్చేది. ఆ రోజు వచ్చి గంప దించీ దించకుండానే సిల్వర్ ఓక్ చెట్టు పట్టుకుని వంగిపోయింది. నేను పాక వెనక ఊట దగ్గర గుడ్డలు ఉతుక్కుంటున్నాను. చేతులు చీరకి తుడుచుకుని వెళ్ళి ఆమె వీపు రాశాను.

"ఏటి తిన్నావే పొద్దున్న?" అన్నాను.

"ఏటీ తినలేదక్కా. నాలుగు రోజుల్నించీ ఇలాగే ఉంటంది," అంది, మూతి కడుక్కుంటూ. తర్వాత నవ్వింది. ఆ నవ్వు చూశాక నాకు అర్థమైంది. వీపు మీద ఉన్న నా చెయ్యి అలాగే ఆగిపోయింది.

ఉన్నమాట చెప్పుకోవాలి. నాకు సంతోషం కలగలేదు. ఒళ్ళంతా మండింది. ఊట దగ్గర నేను సగం ఉతికి వదిలేసిన గుడ్డలు, ఇక్కడ ఈమె నవ్వు. ఆమె కిందికి వెళ్ళిపోయాక ఆ గుడ్డల్ని బండకేసి ఎంత బాదానంటే, ఒకటి చిరిగిపోయింది. నా భర్త దూరం నుంచి చూశాడు గానీ ఏమీ అడగలేదు. అడగకపోవడం ఆయనకి బాగా వచ్చు.

ఆమె ఇంటర్ చదివింది. నేను ఆశ్రమ పాఠశాలలో తొమ్మిదితో ఆపేశాను. ఆమె చెయ్యి పడితే రాగి అంబలి కూడా రుచిగా ఉంటుందని మా అత్త అనేది. అవన్నీ నేను ఓర్చుకున్నాను. కానీ ఆ ఇంటికి పెద్ద కోడలు నేను. ఆరేళ్ళుగా ఎన్ని మొక్కులు, ఎన్ని కోళ్ళు, సంతలో ఎదురైన ప్రతి ముసలమ్మ నా పొట్ట వంక చూసిన ఎన్ని చూపులు! నా వంతు రాకుండానే ఈమె వంతు ఎలా వచ్చింది? క్యూలో నన్ను తోసుకుని ముందుకు వెళ్ళినట్టే అనిపించింది నాకు.

నెలాఖరుకి కోత ముగిసి మేం ఊళ్ళోకి దిగాం. ఇంట్లో అంతా మారిపోయింది. పొయ్యి పక్కన చలి తగలని చోట ఆమె చాప. మొదటి గిన్నె ఆమెకి. గోడకి మేకు కొట్టి ఒక ప్లాస్టిక్ సంచి తగిలించారు, అందులో ఆమె తల్లీబిడ్డల కార్డు, మాత్రల అట్టలు. మా ఊరి ఆశా కార్యకర్త, మేమంతా అక్కా అని పిలిచే మనిషి, వారానికోసారి వచ్చి ఆ సంచి దింపి, కార్డు తెరిచి, ఏదో రాసి, మళ్ళీ తగిలించి వెళ్ళేది. రక్తం చూశారట, సూది మందు వేశారట, బీపీ చూశారట. "మూడో నెల దాటకుండా పేరు రాయించుకుంది. అందరూ ఇలాగుంటే నాకు తిరుగుడు తప్పును," అని ఆమెని మెచ్చుకునేది. మెచ్చుకుంటున్నంతసేపూ నేను పొయ్యిలో ఊదుతూ ఉండేదాన్ని. పొగకి కళ్ళు మండుతున్నాయని అనుకునేవాళ్ళు.

ఇంకో వారానికి నాకు నెల తప్పింది.

సంతలో మందుల షాపు నుంచి పరీక్ష చేసే పట్టీ కొని తెచ్చుకుని, పొద్దున్నే పెరట్లో చూసుకున్నాను. రెండు గీతలు. రెండోది పల్చగా ఉంది గానీ ఉంది. దాన్ని చెంగులో పెట్టుకుని నా భర్తకి చూపించాను. ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని, తిప్పి తిప్పి చూసి, "నిజమేనా?" అన్నాడు. తర్వాత అటు తిరిగి ముక్కు చీదుకున్నాడు. ఆ కాసేపు నా మనసులో తోటికోడలు లేదు. అంత మంచి ఘడియ నాకు మళ్ళీ చాలా రోజుల వరకు రాలేదు.

ఎందుకంటే వెంటనే మా అత్త నియమం గుర్తొచ్చింది. ఒక కప్పు కింద రెండు కడుపులు ఉండకూడదు. ఇది ఊరందరి మాట కాదు, మా అత్త మాట. ఆమె కడుపుతో ఉన్నప్పుడు ఆమె తోటికోడలు కూడా కడుపుతో ఉండేదట. ఇద్దరూ ఒకే ఇంట్లో పురుడు పోసుకున్నారు, మా అత్త తొలి బిడ్డ మూడో రోజున పోయింది. అప్పటినుంచి ఆమె అది పట్టుకుంది. నెలలు ముందున్న మనిషి ఇంట్లో ఉండాలి, వెనక ఉన్న మనిషి పుట్టింటికి వెళ్ళిపోవాలి, పురుడు అయ్యేదాకా తిరిగి గడప తొక్కకూడదు.

వెనక ఉన్నది నేనే. ఆరేళ్ళు ఎదురుచూసి, చివరికి కడుపు పండితే, మూట కట్టుకుని పుట్టింటికి పోవాలి. ఆ పొయ్యి పక్క చాప ఆమెకి వదిలి పోవాలి. నన్ను ఒక్కరోజు కూడా ఎవరూ అపురూపంగా చూడకుండానే పోవాలి. పొద్దున్న గీతలు చూశాను, మధ్యాహ్నానికి నా అబద్ధం తయారైంది.

ఆశా అక్కకి మా దగ్గర లెక్క కట్టే పద్ధతి ఒకటుంది. నర్సులు ఆఖరి నెలసరి తేదీ అడుగుతారు. తేదీలు మా ఊరి ఆడవాళ్ళకి గుర్తుండవు, సంతలు గుర్తుంటాయి. మేక అమ్మిన సంత, దుప్పటి కొన్న సంత, వాన పడి దుకాణాలు సర్దేసిన సంత. అందుకని ఆమె కొంగులోంచి గుప్పెడు రాజ్‌మా గింజలు తీసి నేల మీద వరసగా పేర్చుకుంటూ పోతుంది, వారానికో సంత కాబట్టి సంతకి ఒక గింజ చొప్పున, ఇవాళ్టి నుంచి వెనక్కి. మనం ఆపమన్న చోట ఆపి, ఆ గింజలు లెక్కపెట్టి, వారాలు రాసుకుంటుంది. మొదటి స్కానింగు ఎప్పుడో, ఏ మాత్రలు ఇవ్వాలో, పురుడు ఎప్పుడో అంతా దాని మీదే.

ఆ సాయంత్రం మా అరుగు మీద నా కోసం గింజలు పరిచింది. చుట్టూ మా అత్త, మరిది, తోటికోడలు. నా భర్త గడప దగ్గర గొడ్డలికి పిడి వేసుకుంటున్నాడు.

"ఏ సంత ముందు వచ్చింది నీకు ఆఖరిసారి?"

నిజమైతే అయిదో గింజ దగ్గర ఆపాలి. నేను ఆపలేదు. ఆరు, ఏడు, ఎనిమిది. ఆమె చెయ్యి కదులుతోంది. తొమ్మిది, పది. తోటికోడలికి పన్నెండో గింజ. అది దాటాలి. పదమూడో గింజ పడ్డాక, "ఆ, అదే. కాఫీ పళ్ళు తొలిసారి అమ్మిన సంత," అన్నాను.

"ఇన్నాళ్ళూ సెప్పలేదేటే?" అని మా అత్త నోరు తెరిచింది.

"ఇదివరకోసారి ఆశపడి అందరికీ సెప్పి తల దించుకున్నాను కదా అత్తా. నిలిచాక సెబుదామని," అన్నాను. కన్నీళ్ళు కూడా వచ్చాయి, వాటిని పిలవలేదు, అవే వచ్చాయి. మా అత్త నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. పెళ్ళయ్యాక ఆమె నా తల నిమరడం అదే మొదటిసారి. రెండు నెలలుగా నేను తోటలో ఉన్నాను కాబట్టి నా సంగతి ఇంట్లో ఎవరికీ తెలిసే వీలు లేదు. తెలిసింది నా భర్త ఒక్కడికే. ఆయన గొడ్డలి పట్టుకుని బయటికి పోయాడు. ఆ తర్వాత చాటుగా "లెక్క తప్పు కదే" అని నసిగాడు. నోరు విప్పితే నా కడుపులో బిడ్డ మీద ఒట్టు అన్నాను. ఒట్టంటే ఆయనకి ప్రాణభయం. ఇక నోరెత్తలేదు.

మర్నాడే తోటికోడలు మూట కట్టుకుంది. ఆమె పుట్టిల్లు ఒడిశా వైపు కొండ మీద, మా ఊరి నుంచి మూడు గంటల నడక. రోడ్డు లేదు, ఫోను సిగ్నల్ లేదు. ఆశా అక్క గొడవపడింది. "ఇలాటప్పుడు అంత దూరం పంపిత్తే దాన్ని నేనెలా సూడగల్ను? నాలుగు రోజుల్లో స్కానింగు ఉంది," అంది. మా అత్త వినలేదు. చివరికి స్కానింగు రోజున ఆమె తెల్లవారే దిగి రోడ్డు దగ్గర బండి ఎక్కేలా ఒప్పుకున్నారు.

వెళ్ళేముందు ఆమె నా దగ్గరికి వచ్చి ఒక మాత్రల అట్ట నా చేతిలో పెట్టింది. చిన్న చిన్న పసుపు మాత్రలు, సగం పైగా ఉన్నాయి.

"నాకు మూడో నెల అయిపోతంది కదా అక్కా. ఇవి తొలి నెలల్లో ఏసుకునేవి. నువ్వేసుకో."

నాకు పదమూడు వారాలని ఆశా అక్క అప్పటికే పెద్ద ఇనుము మాత్రలు ఇచ్చేసింది. అలాంటిది తొలి నెలల మాత్రలు నాకెందుకు ఇస్తోందో ఒక్క క్షణం ఆగి ఆలోచించాల్సింది. నేను ఆలోచించలేదు. ఆమె ఎంగిలి నాకెందుకని అట్టని చూరులో దోపేశాను. ఆమె మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసి, పొయ్యి పక్కన చాప పరుచుకుని కాళ్ళు బారజాపుకున్నాను.

స్కానింగు రోజున బండిలో ఆరుగురం. సీసాడు నీళ్ళు తాగి ఒంటికి పోకుండా ఉండాలన్నారు. మా ఘాట్ రోడ్డు మీద, ఆ మలుపుల్లో, నిండిన కడుపుతో కూర్చోవడం ఎంత నరకమో పడ్డవాళ్ళకే తెలుసు. నేను డ్రైవర్ని తిట్టాను, ఆశా అక్కని తిట్టాను. తోటికోడలు మాత్రం రోడ్డు దగ్గర ఎక్కి, పెదవి బిగబట్టి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. ఓర్పులో కూడా నాకంటే ముందే!

పెద్ద కోడల్ని కాబట్టి నేనే ముందు లోపలికి వెళ్ళాను. డాక్టరమ్మ పొట్ట మీద చల్లటి జిగురు రాసి, మిషను ఆనించి, చాలాసేపు తెర వైపు చూసింది. అటు తిప్పింది, ఇటు నొక్కింది. తర్వాత నా కార్డు చూసింది.

"పదమూడు వారాలని రాశారు. తేదీ సరిగ్గా చెప్పావా?"

"సెప్పానమ్మా."

"సంచి కనపడుతోంది. లోపల బిడ్డ కనపడటం లేదు. అయిదు వారాలైతే ఇలాగే ఉంటుంది, కంగారేమీ లేదు. పదమూడు వారాలైతే మాత్రం ఇలా ఉండకూడదు. అంటే ఎదుగుదల ఆగిపోయి ఉండాలి. బాగా గుర్తు తెచ్చుకుని చెప్పు."

నిజం చెప్పడానికి ఆమె నాకు దారి తెరిచి పెట్టింది. ఒక్క మాట చెబితే చాలు. కానీ ఆశా అక్క నా తల దగ్గరే ఉంది. తర్వాతి వంతు కోసం లోపలికి వచ్చిన తోటికోడలు గుడ్డ తెర పక్కన బల్ల మీద కూర్చుని ఉంది. ఆమె ముందు నేను అబద్ధాలకోరుగా లేచి నిలబడాలా?

"బాగా గుర్తుందమ్మా," అన్నాను.

"సరే. రెండు వారాలాగి రా, మళ్ళీ చూద్దాం. ఈలోపు ఎవరేం చెప్పినా ఏ మందూ మింగకు," అని ఆమె చేతులు తుడుచుకుంది.

నేను గుడ్డ తెర వెనక చీర సర్దుకుంటుండగానే తోటికోడలు బల్ల ఎక్కింది. గది నిండా టకటకమని చప్పుడు. ఆ చప్పుడు ఏమిటో ఎవరూ నాకు చెప్పనక్కర్లేదు. "అదిగో చూడు, చెయ్యి ఊపుతోంది బిడ్డ. సరిగ్గా పన్నెండు వారాల చిల్లర, నువ్వు చెప్పిన తేదీకి కుదిరింది," అంటోంది డాక్టరమ్మ. నాకు అయిదు వారాలేనని నాకు తెలుసు, నా సంచిలో బిడ్డ ఇంకా కనపడదని ఇప్పుడే విన్నాను, అయినా ఆ చప్పుడు విన్నాక నా కడుపు నిజంగానే ఖాళీ అనిపించింది. ఆమె బయటికి వచ్చినప్పుడు చేతిలో నల్లటి మెరిసే కాగితం. అది నాకు చూపించలేదు. మడిచి రవికలో పెట్టుకుంది. చూపించనందుకు కూడా నాకు కోపమొచ్చింది, చూపించి ఉంటే ఇంకా వచ్చేది.

ఇంటికి వచ్చాక, బిడ్డ పోయిందనే అనుకుని మా అత్త గుండెలు బాదుకుంది. కారణం ఆమెకి వెంటనే దొరికింది, నా తోటికోడలు.

"ఆ గుంట నీడే ఇది! రెండు కడుపులు ఒక్క కప్పు కింద ఉన్నన్నాళ్ళలోనే తినీసింది. దాన్ని ముందే పంపీవలసింది."

అది ఊళ్ళోకి కాలు పెట్టకూడదంది. మరిది పెళ్ళాన్ని చూడ్డానికి వెళ్ళకూడదంది. ఆశా అక్క ఇంటికి కూడా అది రాకూడదంది. నేను విన్నాను. కాదని అనలేదు. రెండు రోజులు నాకు అది తియ్యగానే ఉంది. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, ఉన్నది అదే.

మూడో రోజు నుంచి భయం మొదలైంది. మా అత్త నా పక్కనే పడుకునేది. కాళ్ళకి వేన్నీళ్ళు పోసేది. చచ్చినది కడుపులో ఉంటే విషమై పాకుతుందని, నేను కూడా పోతానని ఏడ్చేది. ఆరేళ్ళుగా నేను కోరుకున్న ప్రేమ అది. లేని చావు కోసం నాకు దొరుకుతోంది. నిజం చెప్పిన మరుక్షణం అదంతా పోతుందని తెలుసు. అందుకని రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం అనుకుంటూ కూర్చున్నాను. డాక్టరమ్మ రెండు వారాలంది కదా, అప్పుడు మిషనే చెబుతుందిలే అనుకున్నాను. కానీ మా అత్తకి రెండు వారాలు ఆగే ఓపిక లేదు. సంతకి వెళ్ళి పక్క ఊరి మంత్రసానిని కలిసి వచ్చింది. కడుపు కడిగే వేరు ఒకటుందట. పరగడుపున తాగితే సాయంత్రానికి అంతా పోతుందట.

మర్నాడు పొద్దున్నే ఆ వేరు నూరి, స్టీలు గ్లాసులో కలిపి, నా ముందు పెట్టింది. నా భర్త ఒట్టు దాటలేక, చూడలేక పొలం వైపు వెళ్ళిపోయాడు. మా అత్త నా ఎదురుగా కూర్చుని కళ్ళొత్తుకుంటోంది.

"బేగి తాగీ తల్లీ. నువ్వు బతికుంటే బిడ్డలు మళ్ళీ పుడతారు."

అది తాగితే నా బిడ్డ పోతుంది. తాగకపోతే ఎందుకు తాగవో చెప్పాలి. నేను తాగేదాన్నో కాదో ఇప్పటికీ నాకు తెలియదు. ఎన్నోసార్లు అనుకున్నాను, ఆఖరి క్షణంలో కింద పెట్టేసేదాన్నేనని. కానీ గ్లాసు ఎత్తాను. ఆ చేదు వాసన ముక్కుకి తగిలింది. అంచు పెదవికి ఆనింది. అక్కడిదాకా మాత్రం నిజం.

"అక్కా, తాగకు!"

వాకిట్లో తోటికోడలు. వెనక ఆశా అక్క ఆయాసపడుతూ. తోటికోడలు మోకాళ్ళ దాకా బురద, చీకటితోనే బయలుదేరినట్టుంది. లోపలికి రాలేదు. చూరు నీడకి అవతలే నిలబడిపోయింది, మా అత్త నియమం తప్పకుండా. వేరు తవ్వించిన సంగతి ముందురోజు సంతలో ఎవరో చెప్పగా విందట.

"అత్తా, అక్కకి పదమూడు వారాలు కాదు. కాఫీ తోటలో నాకు వాంతి అయిన రోజున అక్క గుడ్డలు ఉతుక్కుంటంది. నేను సూసినాను. ఆ లెక్కన ఆరు వారాలు దాటి నాలుగు రోజులు. స్కానింగు నాటికి అయిదే, అప్పటికి బిడ్డ కనపడదని డాక్టరమ్మే అన్నాది."

మా అత్త నా వైపు తిరిగింది. నా చేతిలో గ్లాసు అలాగే ఉంది.

"మరి పదమూడని ఎవులు సెప్పినారు?"

తోటికోడలు ఒక్కసారి నా వైపు చూసింది. తర్వాత తల దించుకుంది.

"నేనే అత్తా. ఏ సంతో గుర్తులేదని అక్క నన్నడిగితే, కాఫీ పళ్ళు అమ్మిన సంతని నేనే సెప్పీసినాను. తప్పు లెక్క."

మా అత్త లేచి ఆ గ్లాసు నా చేతిలోంచి లాక్కుని పెంట మీద విసిరికొట్టింది. తర్వాత ఆమె మీద పడింది. ఇంటర్ చదివిన గుంటవి, లెక్క రాదేటే, నా మనవడిని సంపీబోయినావు కదే, కళ్ళు దొబ్బినాయా అని వాకిట్లో నిలబెట్టి తిట్టింది. ఇరుగుపొరుగు చేరారు. ఆమె నిలబడి అన్నీ పడింది. నేను గడప లోపల కూర్చుని అన్నీ విన్నాను. చూరులో దోపిన ఆ పసుపు మాత్రలు ఎందుకిచ్చిందో అప్పుడు తెలిసింది. గింజలు పేర్చిన సాయంత్రమే ఆమెకి నా అబద్ధం తెలుసు. తెలిసే మూట కట్టుకుని కొండెక్కింది.

నాకు కృతజ్ఞత రావాలి కదా. రాలేదు. ముందు వచ్చింది మళ్ళీ అదే మంట. కడుపు ముందు ఆమెకి, ఆసుపత్రిలో మెప్పు ముందు ఆమెకి, ఇప్పుడు మంచితనం కూడా ఆమెకేనా? నా బిడ్డని నేను కాపాడుకోలేదు, ఆమె కాపాడింది. దీన్ని నేను ఏ మొహంతో మోయాలి?

రెండు రోజులకి మా అత్త అందరినీ ఆసుపత్రికి లాక్కెళ్ళింది, ఆమెని కూడా. "నువ్వే సెప్పు డాక్టరమ్మకి నీ లెక్క," అని. బండిలో ఆమెని వెనక సీట్లో కూర్చోబెట్టింది, నాకు దూరంగా.

డాక్టరమ్మ మిషను ఆనించింది. ఈసారి ఎక్కువసేపు పట్టలేదు. తెర నా వైపు తిప్పింది. గింజంత తెల్లటి చుక్క, దాని మధ్యలో ఏదో మిణుకుమిణుకుమంటోంది. "గుండె. ఆరు వారాల ఆరు రోజులు. అంతా బాగుంది," అంది. మా అత్త చేతులు జోడించి తెరకి దండం పెట్టింది. నేను ఆ మిణుకుని చూస్తూ ఉండిపోయాను. దాన్నే కదా నేను గ్లాసులో పోసుకుని ఎత్తింది.

డాక్టరమ్మ కార్డులో పాత తేదీ కొట్టేసి కొత్తది రాసింది. రాస్తూ కోపంగా అడిగింది. "తొలి స్కానింగు ముందుగా చేసేదే నెలలు సరిగ్గా తెలియడానికి. నువ్వేమో అంత గట్టిగా తప్పు తేదీ చెప్పావు. ఇంకోచోటైతే కడిగేసేవారు. ఎవరు చెప్పారు నీకు ఆ తేదీ?"

మా అత్త తోటికోడల్ని మోచేత్తో పొడిచింది. ఆమె ఒక అడుగు ముందుకు వేసి నోరు తెరిచింది.

నేను భరించలేకపోయాను. ఇంకోసారి ఆమె నా తప్పు తన నెత్తిన వేసుకోవడం, ఇంకోసారి మంచిదై నిలబడటం, నేను దాని కింద బతకడం. నన్ను మాట్లాడించింది పశ్చాత్తాపమని చెప్పుకుంటే బాగుండేది. కాదు.

"నేనే అమ్మా," అన్నాను, పడుకునే, జిగురు పొట్ట మీద ఉండగానే. "నాకు తేదీ తెలుసు. దీనికంటే ముందుండాలని ఎనిమిది సంతలు వెనక్కి జరిపినాను. ఇది ఏటీ సెప్పలేదు. అన్నీ నేనే."

డాక్టరమ్మ నా వంక చూసి, ఇనుము మాత్రలు ఆపమని రాసి, ఆ చిన్న పసుపు మాత్రలు రాసిచ్చింది. తోటికోడలు గోడ వైపు తిరిగి కొంగు నోట్లో పెట్టుకుంది. ఏడ్చిందో నవ్విందో నేను చూడలేదు.

ఇంటి ముందు బండి ఆగాక, మా అత్త వెనక సీటు దగ్గరికి వెళ్ళి, తోటికోడలి చెయ్యి పట్టుకుని దింపి, లోపలికి తీసుకెళ్ళింది. నాతో గడప దగ్గర అంది: "రేపు నీ పుట్టింటికి ఎల్లు. నెల నెలా ఆసుపత్రికి నేనొచ్చి తీసుకెళ్తాను." అన్న మాట ప్రకారం నెల నెలా వచ్చింది. తల మాత్రం మళ్ళీ నిమరలేదు.

ఆగస్టు చివర్లో ఆమెకి కొడుకు పుట్టాడు. అక్టోబరులో నాకు కూతురు. ఇద్దరికీ మూడేళ్ళు దాటాయి, ఒకే కంచంలో తింటారు. నా కూతురు వాణ్ణి పొద్దస్తమానం అన్నా, అన్నా అని పిలుస్తూ వెంట తిరుగుతుంది. వాడు ఏడు వారాలు పెద్ద, అంతే. ఆ పిలుపు విన్న ప్రతిసారీ నాకు ఇప్పటికీ లోపల చురుక్కుమంటుంది. ఆ వెంటనే, అన్నా అని పిలవడానికి ఒక గొంతు మిగిలిందని గుర్తొచ్చి, చేస్తున్న పని వదిలేసి వెళ్ళి దాన్ని ఎత్తుకుంటాను.